కిలోమీటరుకొక చరణం

రాజగోపాలయ్య తన కొత్త బంగళా పోర్టికోలో పాలరాతి గద్దె కట్టిస్తున్నాడని తెలిసిన రోజున కృపమణికి ముద్ద దిగలేదు. ఆ గద్దె దేవుడికి కాదు, కారుకి. ఇంజను తీసేసి, లోపలంతా తుడిపించి, కొత్త రంగు వేయించి, చుట్టూ గాజుపలకలు బిగించి, వచ్చేపోయేవాళ్ళందరూ చూసేలా దాన్ని గద్దె మీద నిలబెడతాడట.

అది 1954 నాటి మోరిస్. బళ్ళారి మిషన్ ఆస్పత్రిలో డాక్టరు దొరసాని వాడిన బండి. కృపమణి పుట్టిందీ అదే ఏడు. ఆమె నాయన యేసుదానం ఆ బండికి డ్రైవరు. కృపమణి నర్సు చదువు ముగించి అదే ఆస్పత్రిలో చేరాక నాయన దగ్గరే స్టీరింగు పట్టడం నేర్చుకుంది. పల్లెలో ఎవరికో కాన్పు కష్టమైందని కబురు రావడం, నాయనకు ఆ పూటే నడుంనొప్పి రావడం తరచుగా జరిగేవి. తెల్లచీర కొంగు నడుముకు దోపుకుని ఆమే బయల్దేరేది. పాతికేళ్ళలో ఆ బండి వెనక సీట్లో పదకొండుమంది పిల్లలు భూమ్మీద పడ్డారు. వాళ్ళలో ఏడోవాడు రాజగోపాలయ్య కొడుకు చేతన్.

రాజగోపాలయ్య శెట్టిది బళ్ళారి బజారులో మూడు తరాల బట్టల అంగడి. గనుల కాలం వచ్చాక ఆయన చీరలు మడతపెట్టడం మానేసి ఇనుప ఖనిజపు ఎర్రమట్టి అమ్మడం మొదలుపెట్టాడు. చైనావాళ్ళు కొంటున్నారు, జిల్లా అంతా తవ్వుతోంది, నిన్నటిదాకా సైకిలు తొక్కినవాడు ఇవాళ ఏ కారెక్కాలో తేల్చుకోలేక గుమ్మంలో నిలబడుతున్నాడు. అట్లాంటి రోజుల్లో ఆస్పత్రి కమిటీ పాత మంచాలతోపాటు బండినీ వేలం వేస్తే, నా కొడుకు పుట్టిన బండి అంటూ ఆయనే పాడుకున్నాడు. మనిషి చెడ్డవాడేం కాదు. ప్రేమించే పద్ధతే కాస్త అడ్డదిడ్డం.

కృపమణి ఆగలేక బంగళాకు వెళ్ళింది.

"ఇంజను తీసేస్తే అది బండి యాడవుతాది శెట్రే? పీనుగవుతాది."

"అట్లనొద్దు సిస్టరమ్మా. ఈ ఊరి దుమ్ము చూస్తాండావు కదా, మనుషులే ఎర్రగైపోతాండారు. గాజులో పెడితే నూరేండ్లుంటాది."

"ఉంటాది. కదలకుండా ఉంటాది."

లోపలి నుంచి కాఫీ తెచ్చిన ఆయన భార్య శారదమ్మ కప్పులు గట్టిగానే కింద పెట్టింది. "ఆ పొద్దు అది కదిలింది కాబట్టే నీ కొడుకుండాడు, నేనుండాను. తెక్కలకోట కాలవగట్టు మీద నొప్పులు పడతాంటే గద్దె వచ్చిందా నన్ను తీసకపోనీకి?"

రాజగోపాలయ్య కప్పు అందుకున్నాడు. ఆయన కాఫీ తాగుతుండగా చేతన్ తన కంప్యూటరులో చూసిన సంగతి చెప్పాడు. పాతకాలపు కార్ల ర్యాలీ ఒకటి మార్చి ఒకటిన ఇస్తాంబుల్‌లో బయల్దేరి, ఇరాన్, పాకిస్తాన్ దాటి, ఏప్రిల్ తొమ్మిదిన హంపిలో ముగుస్తుందట. మన సిరుగుప్ప మీదనే, మన బళ్ళారి మీదనే వస్తుందట.

రాజగోపాలయ్య కళ్ళలో వ్యాపారం మెరిసింది. ఊళ్ళో డబ్బున్నవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, ఇస్తాంబుల్ నుంచి కారు తెప్పించినవాడు లేడు.

"ఆయ్తు, అట్లనే కానీ. ఖర్చంతా నాది. ఆ ముసల్ది తన కాళ్ళ మీద హంపికి వచ్చి, పందెంలో కప్పు గెల్చుకోని తెచ్చిందంటే బండి నీది సిస్టరమ్మా. లారీ మీదెక్కి వచ్చినా, ఉత్త చేతుల్తో వచ్చినా, గద్దె తయారుగుండాది. అప్పుడు నువ్వు నోరెత్తగూడదు."

"ఎత్తను," అంది కృపమణి. అని, బయటికొచ్చి, గేటు పట్టుకుని కాసేపు నిలబడింది. యాభై రెండేళ్ళ వయసులో తనేం ఒప్పుకుందో అప్పుడు అర్థమైంది.

తోడు ఎవరనే ప్రశ్నే రాలేదు. తమ్ముడు సైలస్ కూరెకుప్ప దగ్గర ఖనిజం లారీలు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాడు. చెవి ఆనిస్తే చాలు, ఏ ఇంజను లోపల ఏం నలుగుతోందో చెప్పేస్తాడు. అయితే వాడు రూల్సు పుస్తకం చదివించుకున్న రోజున నిరాశపడ్డాడు.

"ఇదేం రేసక్కా? ముందు పోతే జుర్మానా అంట, ఎనకబడితే జుర్మానా అంట. గంటకు నలభై అంటే నలభైయే పోవల్లంట. దారిలో యాడో ఒకచోట గడియారం పట్టుకోని ఒకడు దాంకోనుంటాడంట. యాడనేది చెప్పరంట. మనం వాని ముందు సరిగ్గా టైముకు పోవల్లంట. ఒక్క సెకను తేడా వస్తే ఒక మార్కు పాయె."

కృపమణి నవ్వింది. గద్దె వార్త విన్నాక మొదటిసారి ఆమెకు ధైర్యం కలిగింది.

ఎందుకంటే మోరిస్ బండి వేగం ముల్లు 1971లోనే చచ్చిపోయింది. దొరసాని ఇంగ్లండుకు ఉత్తరం రాసింది, సామాను రాలేదు. యేసుదానం కూర్చుని ఏడవలేదు. మూడో గేరులో నలభై దగ్గర ఆ ఇంజను ఒకే స్వరంలో మూలుగుతుందని ఆయన చెవి పట్టింది. ఆ స్వరాన్నే శ్రుతిగా పెట్టుకుని, ఈస్టరుకు ముందు ఉపవాసాల శ్రమకాలంలో చర్చిగుడిలో పాడే నెమ్మదైన నడకలో కీర్తన ఎత్తుకున్నాడు. పల్లవితో కలిపి ఒక చరణం అయ్యేసరికి రాతికీ రాతికీ మధ్య ఒక కిలోమీటరు దాటేది. పాట తొందరపడితే కాలూ తొందరపడుతుంది, ఇంజను శ్రుతి పైకి పోతుంది. పాట నిలకడగా ఉంటే బండీ నిలకడగా ఉంటుంది. అంతే, ఆనాటి నుంచి ఆ ఇంట్లో దూరాలకు కొలత మారిపోయింది. తెక్కలకోట ఎంత దూరం నాయనా అంటే నలభై చరణాలు అనేవాడు ఆయన. కృపమణి బండి నడపడమూ పాడడమూ ఒకేసారి నేర్చుకుంది, ఒకటి లేకుండా రెండోది ఆమెకు చేతకాదు.

ఈ మధ్య గుడిలో మాత్రం కాలం మారింది. కీబోర్డు వచ్చింది, డ్రమ్ములు వచ్చాయి, కీర్తనలన్నీ పరుగందుకున్నాయి. ఎనభై ఏళ్ళ యేసుదానం తన పాత నడక వదల్లేదు. సంఘమంతా పాట ముగించి కూర్చున్నాక ఆయన గొంతొక్కటే అర చరణం వెనకనుంచి వస్తూ ఉండేది. పిల్లలు నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. పాస్టరుగారు మర్యాదగా మైకును ఆయనకు దూరంగా జరిపించారు. సైలస్ అయితే ఒకరోజు తెగించి చెప్పాడు.

"నాయనా, అందర్తో కలిసి పాడగూడదా?"

"నేను కలిసే పాడతాండా. వాళ్ళే ఉరుకుతాండారు," అన్నాడు ముసలాయన. ఆ విషయం మీద అంతకుమించి మాట్లాడలేదు.

బండి బొంబాయిలో ఓడెక్కింది. అక్కాతమ్ముళ్ళు విమానం ఎక్కారు. ఇస్తాంబుల్‌లో ముప్పై నాలుగు కార్లు బారులు తీరి ఉన్నాయి. ఒక్కోదాంట్లో నాలుగేసి మీటర్లు, లెక్కల యంత్రాలు, ముందు అద్దానికి అతికించిన గడియారాలు. పక్క కారులో ఒక డచ్చి దంపతులు. భార్య మెడలో రెండు స్టాప్‌వాచీలు తాళిబొట్టంత భద్రంగా వేలాడుతున్నాయి. ఆమె మోరిస్‌లోకి తొంగిచూసింది. అక్కడ చేతన్ కొనిచ్చిన చిన్న మీటరొకటి, డ్యాష్‌బోర్డు మీద బైబిలొకటి, ఒక నిమ్మకాయ ఊరగాయ జాడీ ఉన్నాయి. ఆమె కృపమణి చెయ్యి పట్టుకుని జాలిగా నొక్కింది.

మూడోరోజు టర్కీ కొండల మీద మంచు పడింది. కృపమణి జీవితంలో మొదటిసారి మంచు చూసింది. చూసి మురిసేలోపే చేతన్ మీటరు చల్లబడి ప్రాణం వదిలింది. సైలస్ స్పానరు తీశాడు.

"వదిలెయ్‌రా," అంది ఆమె. "దాన్ని చూస్తాంటే నాకు పాట తప్పుతాండాది."

ఆరోజు నుంచి ఏర్పాటు కుదిరిపోయింది. ఆమె పాడుతూ నడుపుతుంది. సైలస్ ఒళ్ళో రిజిస్టరు పెట్టుకుని చరణానికొక గీత గీస్తాడు, దారి పుస్తకం చూసి మలుపులు చెబుతాడు. నలభైకి మామూలు శ్రుతి. యాభై పొమ్మన్న రోజున ఒకటిన్నర స్వరం పైకెత్తి పాడుతుంది. సాయంత్రం ఫలితాల కాగితం అంటించినప్పుడు వాళ్ళ పేరు పక్కన రెండు సెకన్లనో, నాలుగు సెకన్లనో ఉండేది. ర్యాలీ అధికారి ఒకాయనకు అనుమానమొచ్చి, సీట్ల కింద ఏ యంత్రం దాచారో చూద్దామని టార్చిలైటు పట్టుకుని వచ్చాడు. అరగంట వెతికి ఊరగాయ జాడీ దాకా వెళ్ళి, మూత తీసి వాసన చూసి, తుమ్ముకుంటూ వెళ్ళిపోయాడు.

ఇరాన్‌లో ఆడవాళ్ళు తలమీద ముసుగు వేసుకోవాలన్నారు. గుడిలో ముసుగేసుకునే కృపమణికి అదేం కొత్త కాదు, కొంగు లాక్కుంది. ఎడారిలో ఇసుకగాలి లేచి, కార్లన్నీ దగ్గుతూ ఒక్కొక్కటే ఆగిపోతుంటే, సైలస్ తడిపిన గోనెపట్టా తీసి గాలి పీల్చే గొట్టానికి చుట్టాడు. ఖనిజం లారీలకు వాడు రోజూ చేసే పనే అది. మర్నాటికి ముప్పై కార్లకు గోనెపట్టాలు చుట్టి ఉన్నాయి. అందరికీ వాడే చుట్టాడు.

క్వెట్టాలో బండి బరువు మోసే కమాను కట్ట విరిగింది. అక్కడి మేస్త్రీ దగ్గర సైలస్ బళ్ళారి బజారు ఉర్దూ విప్పాడు. "భాయ్, ఇత్తా టైమ్ నక్కో, జల్దీ హోనా" అని తొందరపెట్టేసరికి, ఆ యాసకు మేస్త్రీ పని ఆపి, పక్క షెడ్లవాళ్ళందరినీ కేకేసి పిలిచి, మళ్ళీ మాట్లాడమన్నాడు. నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వి, నలుగురూ కలిసి రెండు గంటల్లో కట్ట మార్చి, కప్పుకు సగం చక్కెర వేసిన టీ తాగించి పంపారు.

అప్పటికి డచ్చివాళ్ళకంటే ఒకటిన్నర నిమిషం ముందున్నారు. బహుమతి కప్పు చేతికి అందేంత దగ్గరలో ఉంది.

ఆ తర్వాత ముల్తాను దగ్గర పొరపాటు జరిగింది. అది ప్రపంచంలో ఇంకెవరూ చేసే పొరపాటు కాదు.

ఆరు రోజులు ఇసుక తప్ప మరొకటి చూడని కళ్ళకు హఠాత్తుగా కాలవ కనబడింది. కాలవ పక్కన పచ్చటి చేలు, చేల గట్టు మీద కొంగలు. అచ్చం సిరుగుప్పే. కృపమణి గుండె నిండిపోయింది. తనకు తెలియకుండానే కీర్తన ఊపందుకుంది. స్టీరింగు మీద చేత్తో తాళం వేసింది. సైలస్ కూడా ఆనందంగా గొంతు కలిపాడు, గీతలు గీస్తూనే ఉన్నాడు. గడియారం పట్టుకున్న మనిషి ముందుకు వాళ్ళు చేరేసరికి నూట పది సెకన్లు ముందున్నారు. నూట పది మార్కులు పోయాయి. డచ్చివాళ్ళ వెనక ఇరవై మార్కుల దూరంలో పడ్డారు.

సైలస్ రిజిస్టరు మూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"అక్కా, నువ్వు శ్రమకాలం పాట ఇడ్సిపెట్టి మట్టలాదివారం పాట పాడినావు."

అదే నిజం. ఈస్టరుకు ముందు ఆదివారం గుడిలో అందరూ ఈతమట్టలు పట్టుకుని, ప్రభువు ఊరేగింపుగా పట్టణంలోకి వచ్చిన సంగతి తలుచుకుంటూ, అదే కీర్తనను గంతులేస్తూ పాడతారు. కృపమణి ఏడుపు ఆపుకోలేదు. ఊరు కాని ఊళ్ళో, కాలవ గట్టు మీద కూర్చుని గట్టిగానే ఏడ్చింది. పాలరాతి గద్దె కళ్ళముందు కనబడింది.

"సంతోషం వచ్చి చెడిపోతినిరా," అంది.

వాఘా దాటారు, ఢిల్లీ దాటారు, మండే ఎండల్లో మధ్యభారతం దాటారు. ఆ ఇరవై మార్కులు తగ్గలేదు, పెరగలేదు. డచ్చి ఆమె స్టాప్‌వాచీలు తప్పు చెయ్యలేదు, కృపమణీ మళ్ళీ తప్పు చెయ్యలేదు. ఇక మిగిలింది ఒక్కరోజు, ఒక్క పరీక్ష. ఏప్రిల్ తొమ్మిది. రాయచూరులో పొద్దున్నే దారి కాగితం చేతికిచ్చారు. సైలస్ చదివి, తల పట్టుకుని, మళ్ళీ చదివాడు.

"అక్కా, ఆఖరు పరీక్ష కుడితిని దాటినాక మొదలంట. గనుల దారుల్లో తిప్పి తోరణగల్లు దాకా ఇరవై నాలుగు కిలోమీటర్లు. నలభై స్పీడు. నా షెడ్డు ముందునుంచే పోవల్ల."

"మంచిదే కదరా."

"యాడ మంచిది? ఆ రోడ్డు మీద లారీలు కిలోమీటర్ల కొద్దీ నిలబడుంటాయి. ఉండు, హులిగప్పకు ఫోన్ చేస్తా."

హులిగప్ప ఖనిజం లారీ డ్రైవరు, డ్రైవర్లందరూ మాట వినే మనిషి. అతని లారీకి సైలస్ చెయ్యి పడని బోల్టు లేదు. ఫోన్లో అతను ఒకటే మాట అన్నాడట: "హోగ్లి బిడు, ఆ దిగులు వదిలెయ్, దారి నా జిమ్మా."

తుంగభద్ర వంతెన దాటి సిరుగుప్పలోకి వచ్చేసరికి శారదమ్మ పుట్టింటివాళ్ళు రైసుమిల్లు గేటు ముందు నిలబడి చేతులూపుతున్నారు. వరిచేలు రెండో పంటకు పండి ఉన్నాయి. కృపమణి వాటివైపు చూడలేదు. ముల్తాను చేసిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. బళ్ళారిలో ఇరవై నిమిషాలు ఆపారు. రాజగోపాలయ్య తెల్లటి పట్టుపంచెలో, బ్యాండుమేళంతో, ఆమె చేతి పొడవుండే పూలదండతో ఎదురొచ్చాడు.

"కప్పు వస్తాదా సిస్టరమ్మా?"

"ఇరవై మార్కులు ఎనకుండాం శెట్రే."

ఆయన ముఖం పడిపోయింది. బండి గెలవాలనే ఆయనా కోరుకుంటున్నాడని అప్పుడే ఆమె గ్రహించింది. శారదమ్మ చెమట తుడవమని తన కొంగు అందించింది. కృపమణి కళ్ళు మాత్రం గుంపులో నాయన కోసం వెతికాయి. ఆయన లేడు. పొద్దున్నే గుడి సంఘంవాళ్ళు ట్రాక్టరు తెచ్చి, కూరెకుప్పలో జరిగే మట్టల ఊరేగింపుకని తీసుకుపోయారట.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఇవాళే మట్టలాదివారం.

కుడితిని దాటాక జెండా ఊపి వదిలారు. ఒక్కో కారూ నిమిషానికొకటి. డచ్చివాళ్ళు ముందు వెళ్ళారు, తర్వాత మోరిస్. మూడో గేరు పడింది. ఇంజను మూలిగింది. కృపమణి కళ్ళు అరమూసి ఆ స్వరం అందుకుని, శ్రమకాలపు నడకలో పల్లవి ఎత్తుకుంది. సైలస్ మొదటి గీత గీశాడు. దుమ్ము. ఎండ. చెట్లూ, ఇళ్ళూ, కుక్కలూ, అన్నీ ఒకే ఎర్రరంగు. కిలోమీటరు రాళ్ళను లారీలు ఎప్పుడో గుద్ది పడేశాయి. సరిచూసుకోవడానికి ఏమీ లేదు, పాట ఒక్కటే ఉంది.

పద్నాలుగో గీత దగ్గర కూరెకుప్ప వచ్చింది.

హులిగప్ప మాట నిలబెట్టుకున్నాడు. ఎడమవైపు ఖనిజం లారీలన్నీ రోడ్డు దిగి, ఒకదాని వెనక ఒకటి, కనుచూపు మేర నిలబడి ఉన్నాయి. దారి చీపురు పెట్టి ఊడ్చినంత ఖాళీగా ఉంది. హులిగప్ప మొదటి లారీ మీదెక్కి తువ్వాలు ఊపాడు. ఆ సైగ చూసి రెండు వందల లారీలు ఒకేసారి హారన్లు కొట్టాయి. ప్రేమతోనే కొట్టాయి. కృపమణికి ఇంజను చప్పుడు వినబడడం ఆగిపోయింది.

కుడివైపు సంఘమంతా ఉంది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, చంకల్లో పిల్లలు, అందరి చేతుల్లో పచ్చటి ఈతమట్టలు. ట్రాక్టరు ట్రాలీ మీద కీబోర్డు, డ్రమ్ములు, నిలువెత్తు స్పీకర్లు. బండి కనబడగానే వాళ్ళు అందుకున్నారు. సరిగ్గా అదే కీర్తన. రెండు స్వరాలు పైన, రెండింతల ఊపులో. పాస్టరుగారు ప్రార్థన చేద్దామని చెయ్యెత్తి రోడ్డు మీదికి రాబోయి, సైలస్ కిటికీలోంచి వేసిన కేకకు వెనక్కి తగ్గారు. మట్టలు బానెట్టును తాకుతున్నాయి, అద్దాన్ని తాకుతున్నాయి.

ఆమె తన సీమలో ఉంది. తొమ్మిదివేల కిలోమీటర్లు దాటి వచ్చింది. తన మనుషులు తన పాట పాడుతున్నారు. సంతోషం గొంతుదాకా పొంగింది, ఆమె పాట వాళ్ళ పాటలోకి జారింది, కాలు దానంతటది కిందికి నొక్కుకుంది.

"అక్కా!" అని అరిచాడు సైలస్. "ముల్తాను! ముల్తాను!"

తెలుస్తూనే ఉంది. కాని పాత నడక ఏదో ఆమెకు గుర్తురావడం లేదు. ఇంజను వినబడదు, తన గొంతు తనకే వినబడదు. ఎక్కడ పట్టుకోవాలో తెలియక ఆమె గుంపు వైపు చూసింది.

గుంపు చివర, స్పీకర్లకు దూరంగా, ఎప్పటిలాగే పక్కకు జరిపిన చోట, యేసుదానం నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా ఎర్రబడింది. చేతిలో మట్ట ఉంది. అందరి మట్టలూ గాలిలో ఎగురుతుంటే ఆయన మట్ట మాత్రం నెమ్మదిగా లేచి, నెమ్మదిగా దిగి తొడను తాకుతోంది. ఆయన పెదవులు కదులుతున్నాయి. అందరూ చరణం ముగించారు. ఆయన ముగించలేదు. ఇంకా సగం దగ్గరే ఉన్నాడు, ఆ సగాన్ని తొందరపడకుండా, ఒక్కో మాటకూ ఇవ్వాల్సినంత ఇస్తూ పాడుకుంటున్నాడు.

కృపమణి ఆ పెదవులను చూసింది. ఆ మాట దగ్గర తన మాట కలిపింది. ఆ మట్ట దిగిన చోట తన తాళం వేసింది. కాలు తేలికైంది, అంతదాకా ఉరికినంతా బండి తగ్గించుకుంది. డ్రమ్ములూ హారన్లూ పక్కకు తప్పుకున్నట్టయింది. ఆయన ముందునుంచి బండి సాగిపోయేటప్పటికి నాయనా కూతురూ ఒకే మాట మీద ఉన్నారు. ఆయన బండివైపు చూసి తల ఊపాడు గాని, పాట ఆపలేదు.

లారీల బారు దాటాక ఇంజను మళ్ళీ వినబడింది. అది ఆమె పాడుతున్న స్వరంలోనే మూలుగుతోంది. సైలస్ ఏడుస్తూ పదిహేడో గీత గీశాడు. ఎందుకేడుస్తున్నావని ఆమె అడగలేదు, ఆమెకు పాట ఉంది.

హంపిలో రాళ్ళ మధ్య షామియానా వేశారు. కార్లన్నీ ఒకే రంగులో వచ్చాయి. తెల్లది, నీలంది, పచ్చది అన్న తేడా లేకుండా కూరెకుప్ప దుమ్ము అన్నిటినీ ఎర్రగా చేసి పంపింది. డచ్చి దంపతులు వాళ్ళ కారు చక్రం దగ్గర కూర్చుని, మీటరు తీగ నుంచి ఎర్ర పొడి దులుపుతున్నారు. ఆ పొడి పట్టి మీటరు తప్పు చూపింది. ముప్పై ఒక్క సెకన్లు వెనకబడ్డారు.

మైకులో మోరిస్ నంబరు చదివారు. ఆఖరు పరీక్షలో తేడా సున్నా సెకన్లు. మొత్తం ర్యాలీలో, ముప్పై నాలుగు కార్లలో, మొదటి స్థానం.

కృపమణి నమ్మక మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివారు. డచ్చి ఆమె పరుగున వచ్చి కౌగిలించుకుని, తన మెడలోని స్టాప్‌వాచీ ఒకటి తీసి ఈమె మెడలో వేసింది. రాజగోపాలయ్య తన పట్టుపంచె సంగతి మరిచిపోయి ఎర్రటి బానెట్టును రెండు చేతులా వాటేసుకున్నాడు. కప్పు చేత్తో ఎత్తబోతే అది ఒక్కరు ఎత్తేది కాదు, అక్కాతమ్ముళ్ళు చెరో చెవీ పట్టుకోవాల్సి వచ్చింది.

హులిగప్ప లారీలో ఎక్కించుకుని తెచ్చిన యేసుదానం అప్పుడే దిగాడు. దిగుతూనే ఫిర్యాదు చేశాడు.

"పొద్దున నా పక్కన ఒక దొర నిలబడినాడమ్మా. చేతిలో మట్ట పట్టుకున్నాడు గాని, పాట పాడేది లేదు, ఏం లేదు. ఒగటే గడియారం చూసుకుంటాండె. గుడి కాడికి వచ్చి టైము చూసుకునేదేంది?"

సైలస్ ముందు అర్థంకాక చూశాడు. అర్థమయ్యాక పడీపడీ నవ్వాడు. దాక్కున్న మనిషి ఎక్కడ దాక్కున్నాడో తెలిసింది. గడియారం సరిగ్గా నాయన పక్కనే ఉంది.

కృపమణి నవ్వలేదు. నాయన చెయ్యి పట్టుకుని, "నువ్వు ఎనకబడి పాడబట్టే గెలిచినాం నాయనా," అంది.

"నేనేం ఎనకబడలేదు," అన్నాడాయన కాస్త కోపంగా.

"లేదులే నాయనా," అన్నాడు సైలస్. "మేమే ఉరుకుతాంటిమి."

రాజగోపాలయ్య బండి కాగితాలు తెచ్చి కృపమణి చేతిలో పెట్టాడు. పెట్టి, దిగులుగా అడిగాడు: "మరి గద్దె కట్టించినానే, దాన్నేం జేసేది?"

"నువ్వు కూసో," అంది శారదమ్మ. "చుట్టూ గాజు నేను బిగిస్తా."

పొద్దు ఇంకా ఉంది. యేసుదానాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టారు. కప్పు పెట్టడానికి వెనక సీటులో సగం పోయింది, మిగతా సగంలో సైలస్ ముడుచుకున్నాడు. కృపమణి తాళంచెవి తిప్పింది.

"ఇంటికి ఎంత దూరం నాయనా?"

"అరవై ఐదు చరణాలు."

మూడో గేరు పడ్డాక ముసలాయన పల్లవి ఎత్తుకున్నాడు. వెనక రాజగోపాలయ్య పెద్ద కారు, దాని వెనక హులిగప్ప లారీ, ఎవరూ దాటిపోకుండా నలభైలోనే వచ్చాయి. కృపమణి, సైలస్ చరణం చివరి మాట దగ్గర ఆగి, నాయన కూడా అక్కడికి వచ్చేదాకా ఉండి, అప్పుడు తర్వాతి చరణం అందుకున్నారు.